‘స్టారీ నైట్’లో ఉన్నది ఏ రాత్రి ఆకాశం?

విన్సెంట్ వాన్ గో గీసిన ‘స్టారీ నైట్’ చూడనివాళ్లు బహుశా ఉండరు. పేరు తెలియకపోయినా బొమ్మ తెలుసు. ఫోన్ కవర్ల మీద, కాఫీ కప్పుల మీద, గొడుగుల మీద, పిల్లల డ్రాయింగ్ పుస్తకాల అట్టల మీద అదే నీలం ఆకాశం, అవే పసుపు చుక్కలు, మధ్యలో అదే పెద్ద సుడి. 2024 సెప్టెంబర్‌లో ఒక పరిశోధన వార్తల్లోకి వచ్చినప్పటినుంచి దీని చుట్టూ గందరగోళం ఇంకా పెరిగింది. శాస్త్రవేత్తలకు తెలియడానికి యాభై ఏళ్ల ముందే గాలి సుడుల సూత్రాన్ని వాన్ గో బొమ్మలో పెట్టేశాడని ఫార్వర్డులు తిరిగాయి. ఇంకోపక్క, పిచ్చాసుపత్రిలో మతి చలించి గీసిన బొమ్మ అది, దానికీ అసలు ఆకాశానికీ సంబంధమే లేదనే పాత మాట ఉండనే ఉంది. ఫలానా తేదీ తెల్లవారుజాము ఆకాశాన్ని ఉన్నదున్నట్టు గీశాడనే మూడో మాట కూడా ఉంది.

ఈ మూడూ ఒకేసారి నిజం కాలేవు కదా. నాకు అర్థమైనంతవరకు చిక్కంతా ప్రశ్నలోనే ఉంది. ‘ఈ ఆకాశం నిజమా, కల్పనా’ అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు రాదు, ఎందుకంటే అందులో నాలుగైదు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆ చుక్క నిజంగా ఆ రోజుల్లో అక్కడ ఉందా? చంద్రుడు ఆ తిథి చంద్రుడేనా? చుక్కలకు ఆ రంగులుంటాయా? ఆ వెలుగు వలయాలేంటి, ఆ సుడులేంటి? విడదీసి చూస్తే ఒక్కోదానికి ఒక్కో జవాబు వస్తుంది.

బొమ్మ ఎక్కడ, ఎప్పుడు పుట్టింది

1888 డిసెంబర్ 23న దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్లో వాన్ గో తన చెవి కోసుకున్నాడు. ఆ తర్వాత కొన్ని నెలలు ఆసుపత్రికీ ఇంటికీ మధ్య నలిగి, 1889 మే 8న దగ్గర్లోని సాన్-రెమీలో ఉన్న మానసిక చికిత్సాలయంలో తనంతట తానే చేరాడు. ఒకప్పుడు అది మఠం. పై అంతస్తులో పడుకోవడానికి ఒక గది, కింద బొమ్మలు గీసుకోవడానికి ఇంకో గది ఇచ్చారు. పై గది కిటికీ తూర్పుకి ఉండేది, దానికి ఇనుప ఊచలు. ఊచల్లోంచి చూస్తే గోడ కట్టిన గోధుమ చేను, దాని వెనక అల్పీయ్ కొండల వరస. ఎండలో, వానలో, తెల్లవారుతుండగా, కోతలప్పుడు, ఇదే దృశ్యాన్ని ఆయన మళ్లీ మళ్లీ గీశాడు.

‘స్టారీ నైట్’ 1889 జూన్‌లో పూర్తయింది. జూన్ 18 ప్రాంతంలో తమ్ముడు థియోకి రాసిన ఉత్తరంలో, చుక్కల ఆకాశం బొమ్మ ఒకటి కొత్తగా గీశానని చెప్పాడు. సుమారు 74 సెంటీమీటర్ల ఎత్తు, 92 సెంటీమీటర్ల వెడల్పున్న కాన్వాసు. 1941 నుంచి న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. న్యూజెర్సీలో ఉండే మనవాళ్లు అటు వెళ్లినప్పుడు రెండడుగుల దూరం దాకా వెళ్లి చూడండి, గీతకీ గీతకీ మధ్య అక్కడక్కడా రంగు పడని బట్ట కూడా కనిపిస్తుంది.

ఒక సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. రాత్రిపూట పై గది కిటికీలోంచి చూశాడు, పగటిపూట కింది గదిలో గీశాడు. అంటే కళ్లెదుట ఆకాశం పెట్టుకుని గీసింది కాదు, జ్ఞాపకంలోంచి తీసి గీసింది. ఊరి సంగతీ అంతే. ఆ కిటికీలోంచి సాన్-రెమీ ఊరు కనపడదు. బొమ్మలో ఊరి మధ్య సూదిలా లేచిన చర్చి శిఖరం ఆ ప్రాంతపు చర్చిల్లా కాకుండా, ఆయన పుట్టిన హాలండ్ చర్చిలా ఉంటుందని చాలామంది అంటారు. ఎడమపక్క మంటలా లేచిన సైప్రస్ చెట్టును కూడా వేరేచోటినుంచి తెచ్చి ముందు నిలబెట్టాడు. కొండలు మాత్రం అక్కడివే.

ఆ పెద్ద తెల్ల చుక్క: వేగుచుక్క

బొమ్మలో సైప్రస్ చెట్టుకు కొంచెం కుడిపక్కన, కిందుగా, మిగతా చుక్కల కంటే తెల్లగా, పెద్దగా వెలిగేది ఒకటుంది. అది మన వేగుచుక్కే, అంటే శుక్రగ్రహం. దీని మీద పెద్దగా గొడవ లేదు.

జూన్ మొదట్లో థియోకి రాసిన ఉత్తరంలో వాన్ గో ఏమన్నాడంటే, ఈ రోజు పొద్దు పొడవడానికి చాలా ముందే లేచి కిటికీలోంచి చూశాను, వేగుచుక్క తప్ప ఇంకేం లేదు, అది చాలా పెద్దగా కనిపించింది, అని. కళా చరిత్రకారుడు ఆల్బర్ట్ బోయిమ్, ఖగోళ శాస్త్రవేత్త చార్లెస్ విట్నీ 1980లలో విడివిడిగా ఈ మాటను ఆకాశం లెక్కలతో సరిచూశారు. ఆ వసంతంలో శుక్రుడు నిజంగానే తెల్లవారుజామున తూర్పున ఉన్నాడు, పైగా ఎంత ప్రకాశంగా వెలగగలడో దాదాపు అంతగానూ వెలుగుతున్నాడు.

ఎందుకలాగంటే, శుక్రుడు భూమికీ సూర్యుడికీ మధ్యలోంచి దాటిపోయిన కొన్ని వారాలకు తెల్లవారుజామున బాగా ధగధగలాడతాడు. అప్పుడు మనకు దగ్గరగానూ ఉంటాడు, వెలుగు పడిన భాగమూ తగినంత కనిపిస్తుంది. 1889లో ఆ దాటడం ఏప్రిల్ చివర్లో జరిగింది. దానికి అయిదారు వారాలు కలిపితే సరిగ్గా జూన్ మొదటి వారం. ఆయన ఉత్తరం రాసిన రోజులు. ‘చాలా పెద్దగా కనిపించింది’ అన్నది భావుకత కాదు, ఉన్నమాట.

చంద్రుడు మాత్రం లెక్కకు అందడు

కుడిపక్క పై మూలలో నెలవంక ఉంది. ఇక్కడే ‘ఉన్నదున్నట్టు గీశాడు’ అనే వాదన తడబడుతుంది.

లెక్క మనమే వేసి చూడొచ్చు. 1889 జూన్ 28న సూర్యగ్రహణం వచ్చింది, అంటే ఆ రోజు అమావాస్య. అమావాస్యకు అమావాస్యకు మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు. కాబట్టి అంతకుముందు అమావాస్య మే 29 ప్రాంతంలో, మధ్యలో పౌర్ణమి జూన్ 13 ప్రాంతంలో. థియోకి ఉత్తరం రాసిన జూన్ 18 నాటికి పౌర్ణమి దాటి అయిదు రోజులు, మన లెక్కలో బహుళ పంచమి అటూ ఇటూ. ఆ తిథిన చంద్రుడు సగానికంటే ఎక్కువే నిండి ఉంటాడు. నెలవంక కావడానికి ఇంకో అయిదారు రోజులు పడుతుంది.

అంటే ఆ వారం ఆకాశంలో ఆ నెలవంక లేదు. అలాగని ఎప్పుడూ చూడలేదనీ చెప్పలేం. మే చివరి వారంలో, అమావాస్యకు ముందు బహుళ ద్వాదశి, త్రయోదశి రోజుల్లో, తూర్పున సన్నని నెలవంక తెల్లవారుజామున ఉండే ఉంటుంది. అప్పటికి ఆయన అక్కడ చేరి మూడు వారాలు. ఆ జ్ఞాపకాన్నే తెచ్చి పెట్టాడా, నెలవంక ఆకారం బొమ్మకు బాగుంటుందని పెట్టాడా అన్నది ఎవరి ఊహ వాళ్లది. తేదీ మాత్రం కుదరదు.

కొంతమంది దీనికి మతపరమైన అర్థం కూడా చెప్పారు. బొమ్మలో చుక్కలు పదకొండు. బైబిల్లో యోసేపు కలలో సూర్యచంద్రులూ పదకొండు నక్షత్రాలూ వచ్చి అతనికి సాగిలపడతాయి. వాన్ గో పాస్టరు కొడుకు, కొన్నాళ్లు మతబోధకుడిగా కూడా పనిచేశాడు, కాబట్టి ఆ కథ తెలియకుండా ఉండదు. కానీ ఉత్తరాల్లో అన్ని సంగతులూ విప్పి చెప్పే మనిషి ఈ పదకొండు గురించి ఒక్క మాటా చెప్పలేదు. నాకైతే ఈ వాదన బలహీనంగానే అనిపిస్తుంది.

నిమిషంతో సహా చెప్పగలిగిన ఇంకో బొమ్మ

వాన్ గోకి చంద్రుణ్ణి ఉన్నదున్నట్టు గీయడం రాదనుకుంటే పొరపాటు. ఒక నెల తర్వాత అదే చేను మీద ఆయన గీసిన ‘చంద్రోదయం’ బొమ్మ హాలండ్‌లోని క్రోలర్-ముల్లర్ మ్యూజియంలో ఉంది. కొండ అంచు వెనకనుంచి సగం బయటికొచ్చిన నారింజ రంగు బింబం, ముందు కోసి కుప్పలేసిన గోధుమ పంట. చూడగానే సూర్యుడేమో అనిపిస్తుంది.

టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన డోనాల్డ్ ఓల్సన్ బృందం సాన్-రెమీ వెళ్లి, బొమ్మలో చంద్రుడు సగం దాక్కున్న ఆ కొండకొనను వెతికి పట్టుకుంది. చంద్రుడు రోజూ ఒకేచోట ఉదయించడు, తూర్పు అంచున ఆ చోటు అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. నిండు చంద్రుడు సందెవేళ సరిగ్గా ఆ కొనకు పక్కగా పైకి రావాలంటే ఆ ఏడాది ఆయన అక్కడున్న కాలంలో కుదిరేవి రెండే రోజులు: 1889 మే 16, జూలై 13. ఏది? చేను చెప్పింది. మే నెలలో గోధుమ పచ్చగా ఉంటుంది, బొమ్మలో పంట పండి కుప్పలు పడింది. కాబట్టి జూలై 13, పౌర్ణమి మర్నాడు. టైం కూడా తేల్చారు, అక్కడి కాలమానం ప్రకారం రాత్రి 9 గంటల 8 నిమిషాలు. 2003లో ఈ లెక్క బయటపెట్టారు.

ఈ ఉదాహరణను ‘స్టారీ నైట్’ పక్కన పెట్టి చూడాలి. కావాలనుకున్నప్పుడు ఆ మనిషి చూపు అంత కచ్చితం. జూన్ బొమ్మలో నెలవంక పెట్టాడంటే తెలియక చేసింది కాదు.

సప్తర్షులు దిక్కు మారారు

ఇంకో రాత్రి బొమ్మ ఉంది, ‘రోన్ నది మీద చుక్కల రాత్రి’. 1888 సెప్టెంబర్‌లో ఆర్ల్‌లో గీసింది, ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. నదిలో గ్యాస్ దీపాల బంగారు రంగు నీడలు పొడుగ్గా సాగుతుంటాయి. పైన సప్తర్షి మండలం, ఏడు చుక్కలూ గరిటె ఆకారంలో, ఎవరైనా పోల్చుకోగలిగేంత స్పష్టంగా. పెళ్లిలో అరుంధతిని చూపించేది ఆ ఏడింటిలో వశిష్ఠుడి పక్కనే కదా, మనకు కొత్త కాదు.

చిక్కేంటంటే, ఆ ఒడ్డున నిలబడి ఆ దీపాల వైపు చూస్తే చూపు నైరుతికి పోతుంది. సప్తర్షులు ఉండేది ఉత్తరాన. ఆర్ల్‌లో సెప్టెంబర్ రాత్రి నైరుతిన వాళ్లు కనపడే అవకాశమే లేదు. మరి ఏం చేశాడు? నది వైపు చూసి నదిని గీశాడు, వెనక్కి తిరిగి సప్తర్షుల్ని చూశాడు, రెండింటినీ ఒక కాన్వాసు మీద కలిపాడు. ఈ బొమ్మను రాత్రిపూట అక్కడే గ్యాస్ దీపం కింద గీశానని కూడా ఉత్తరంలో రాశాడు. అంటే ఏడు చుక్కల అమరిక చూసి గీసినదే, దిక్కు మాత్రం ఆయన ఇష్టం.

చుక్కలకు నిజంగా రంగులుంటాయా

ఉంటాయి. ఈ విషయంలో వాన్ గో చూపు మనలో చాలామంది కంటే నిజానికి దగ్గరగా ఉంది.

1888 సెప్టెంబర్‌లో చెల్లెలు విల్లెమీన్‌కి రాసిన ఉత్తరంలో, రాత్రి పగటి కంటే ఎక్కువ రంగులతో ఉంటుందనీ, జాగ్రత్తగా చూస్తే కొన్ని చుక్కలు నిమ్మపండు రంగులో, కొన్ని గులాబీ, ఆకుపచ్చ, నీలం మెరుపుతో ఉంటాయనీ అన్నాడు. నల్ల రంగు మీద తెల్ల చుక్కలు పెడితే రాత్రి అయిపోదని ఆయన బాధ.

నక్షత్రం రంగు దాని వేడిని బట్టి ఉంటుంది. బాగా వేడిగా ఉన్నవి నీలంగా, కొంచెం చల్లనివి ఎర్రగా కనిపిస్తాయి. చలికాలం రాత్రి డాబా మీదికెళ్లి చూస్తే రోహిణి నారింజ రంగులో, ఆర్ద్ర ఎర్రగా ఉంటాయి. వేసవిలో చిత్త నీలం కలిసిన తెలుపు, జ్యేష్ఠ ఎరుపు. మసక చుక్కలన్నీ తెల్లగానే కనిపించడానికి కారణం మన కన్ను. తక్కువ వెలుతురులో కంట్లో రంగులు గుర్తుపట్టే కణాలు పనిచేయవు. మరి ఆకుపచ్చ? మామూలు కంటికి పచ్చగా కనిపించే నక్షత్రం దాదాపు లేదనే చెప్పాలి. కాకపోతే దిగువన మినుకుమినుకుమనే చుక్క, గాలి పొరలు దాని వెలుగును అటూ ఇటూ విరుస్తుంటే, ఎరుపు, పచ్చ, నీలం అన్నీ క్షణాల్లో మార్చిమార్చి చూపిస్తుంది. ఆయన సప్తర్షుల్ని ఆకుపచ్చ, గులాబీ మెరుపుతో వర్ణించింది నిజానికి చాలా శ్రద్ధగా చూసిన కన్ను చెప్పే మాట.

రంగుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ‘స్టారీ నైట్’లో ఆకాశానికి అల్ట్రామెరీన్, కోబాల్ట్ నీలాలు వాడాడు. చుక్కలకీ చంద్రుడికీ జింక్ పసుపుతో పాటు వాడిన రంగు పేరు ఇండియన్ యెల్లో. అది మన దేశపు సరుకే. ఆవులకు మామిడాకులు మేపి, వాటి మూత్రాన్ని మరిగించి, మిగిలిన ముద్దను ఉండలు చేసి ఎగుమతి చేసేవారని, బీహార్‌లోని ముంగేర్ దగ్గర ఊరికి వెళ్లి చూసిన త్రైలోక్యనాథ్ ముఖర్జీ 1883లో రాశాడు. ఫ్రాన్స్‌లో ఆ చంద్రుడు అంత పసుపుగా వెలగడానికి వెనక మామిడాకులు ఉన్నాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చుక్క చుట్టూ ఆ వలయాలు ఎందుకు

నాకు చూపు మందం, మైనస్ నాలుగు. ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి కరెంటు పోయి మెలకువ వస్తే, డాబా మీదికి వెళ్లి వేగుచుక్కను చూస్తూ కళ్లజోడు తీశాను. కళ్లజోడుతో సూదిమొనలా ఉన్నది తీయగానే బఠాణీ గింజంత అయింది, చుట్టూ పొరలు పొరలుగా వెలుగు, అంచుల్లో సన్నని పుల్లల్లాంటి గీతలు. ‘స్టారీ నైట్’లోని చుక్క అదే. మామూలు చూపున్నవాళ్లకూ చీకట్లో కంటిపాప పెద్దదవడం వల్ల, కంట్లోని తేమ, కటకం వెలుగును చెదరగొట్టడం వల్ల కొంత ఇలాగే ఉంటుంది. పలచని మంచు పొర ఉంటే ఇంకా ఎక్కువ.

అంటే వలయాలకు ఆధారం ఉంది, కొలత మాత్రం ఆయనది. ఎంత పెంచాడో చూడండి. ఆ రోజుల్లో శుక్రుడి బింబం చంద్రబింబం అడ్డుకొలతలో 40, 50వ వంతుకు మించదు. బొమ్మలో వలయంతో కలిపితే అది చంద్రుడితో పోటీ పడుతుంది.

గుండె జబ్బుకు డిజిటాలిస్ మందు వాడితే అన్నీ పసుపుగా, వలయాలతో కనిపిస్తాయని, వాన్ గోకి అదే జరిగిందని ఒక వాదన బాగా ప్రచారంలో ఉంది. ఆయన ఆ మందు తీసుకున్నట్టు ఆధారం లేదు. ఈ వాదనకు మూలం, చివరి రోజుల్లో తనకు వైద్యం చేసిన డాక్టర్ గాషేను వాన్ గో గీసిన చిత్రంలో బల్ల మీద కనిపించే డిజిటాలిస్ మొక్క. ఆ డాక్టరును ఆయన కలిసింది 1890 మేలో, అంటే ‘స్టారీ నైట్’ పూర్తయిన పదకొండు నెలల తర్వాత.

మధ్యలోని సుడి గురించి ఇన్ని వాదనలు ఎందుకు

అసలు గొడవంతా ఇక్కడే. మామూలు కంటికి ఆకాశంలో ఎవరికీ కనపడనిది ఇదొక్కటే కాబట్టి, ఎవరికి తోచినది వాళ్లు చెప్పారు.

ఒక వాదన, అది నెబ్యులా, అంటే టెలిస్కోపులో మబ్బులా కనిపించే మసక వెలుగు, అని. 1845లో ఐర్లండ్‌లో లార్డ్ రాస్ పెద్ద టెలిస్కోపుతో చూసి గీసిన సుడి నెబ్యులా బొమ్మను ఫ్రెంచి ఖగోళ రచయిత కమీ ఫ్లమరియాన్ తన పుస్తకాల్లో వేశాడు. 1880ల్లో ఫ్రాన్స్‌లో ఆ పుస్తకాలు ఇంటింటా ఉండేవి. పోలిక నిజంగా దగ్గరగా ఉంది. కానీ వాన్ గో ఆ బొమ్మ చూశాడని చెప్పే ఉత్తరం ఏదీ దొరకలేదు. ఇంకో వాదన జపాన్ వైపు చూస్తుంది. హొకుసాయ్ గీసిన పెద్ద అల బొమ్మ గురించి వాన్ గో థియోకి ఇష్టంగా రాశాడు, ఆ అలలు గోళ్లలా పడవను పట్టుకున్నాయని. కొండల మీదికి ఒరిగి వస్తున్న ఆ సుడిని అల అనుకుని ఒకసారి చూడండి, కాదనలేరు. మూడోది, ఆ ప్రాంతంలో వీచే మిస్ట్రాల్ గాలి. దాని హోరుకు ఆయన కాన్వాసు స్టాండుకు మేకులు దిగ్గొట్టి బొమ్మలు గీసేవాడు.

ఇక వార్తల్లోకి వచ్చిన టర్బులెన్స్, అంటే గాలిలో, నీళ్లలో లేచే సుడుల కల్లోలం. వరద గోదావరిలో రాజమండ్రి వంతెన స్తంభాల వెనక నీళ్లు చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పెద్ద సుడి ఒకటి లేస్తుంది, అది విరిగి చిన్న సుళ్లవుతుంది, అవి ఇంకా చిన్నవవుతాయి, చివరికి నీటి జిగురులో కలిసిపోతాయి. బలం పెద్దదాన్నుంచి చిన్నవాటికి ఏ లెక్కలో దిగుతుందో 1941లో రష్యా గణిత శాస్త్రవేత్త కొల్మగోరోవ్ చెప్పాడు. ఆ లెక్క ప్రకారం సుడి సైజు 8 రెట్లు తగ్గితే దాని వేగం సగమవుతుంది, 27 రెట్లు తగ్గితే మూడో వంతవుతుంది.

2024 పరిశోధనలో చైనా, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు బొమ్మలోని 14 సుళ్లను తీసుకుని, రంగుల వెలుగునీడలు ఎంత దూరంలో ఎంత మారుతున్నాయో కొలిచారు. బొమ్మలో వేగం కొలవలేం కాబట్టి వెలుగును దాని బదులు పెట్టుకున్నారు. ఆ మార్పులు కొల్మగోరోవ్ లెక్కకు దగ్గరగా వచ్చాయని తేల్చారు. అంతకుముందు 2000లలో మెక్సికోకు చెందిన హోసే లూయిస్ అరగోన్ బృందం కూడా ఇలాంటిదే చెప్పింది.

ఒప్పుకోనివాళ్లు ద్రవాల కదలిక మీద పనిచేసే శాస్త్రవేత్తలే. వాళ్ల అభ్యంతరం సూటిగా ఉంది. ఆ సూత్రం కదిలే ద్రవంలో వేగాల గురించినది, ఎండిపోయిన రంగులో వేగం లేదు. పసుపు పక్కన నీలం పెడితే వెలుగులో తేడా వస్తుంది, అది గాలి బలం కాదు. పైగా పద్నాలుగు సుళ్లతో గణాంకాలు నిలబడవు. నాకు ఈ అభ్యంతరమే సబబుగా తోస్తుంది. కానీ కొలతలు తప్పని దాని అర్థం కాదు. పెద్ద సుడి, దాని అంచున చిన్నది, దాని పక్కన ఇంకా చిన్నది, ఈ వరస బొమ్మలో ఉంది, ఎవరైనా చూడొచ్చు. నదుల్నీ మేఘాల్నీ చూస్తూ పెరిగిన మనిషి చేతికి ఆ వరస అలవాటై ఉండొచ్చు. ‘సూత్రం కనిపెట్టాడు’ అన్నది మాత్రం వార్త రాసినవాళ్లు అంటించిన మాట.

మతి చలించడం వల్లే సుళ్లొచ్చాయా

అరగోన్ బృందం ఫలితాలు వచ్చినప్పుడు ఈ మాట బాగా వినిపించింది, మానసికంగా కల్లోలంగా ఉన్నప్పటి బొమ్మల్లోనే ఈ లక్షణం ఉందని. తేదీలు దీనికి సాయం చేయవు. మే నెలలో ఆసుపత్రిలో చేరినప్పటినుంచి జూలై మధ్య దాకా వాన్ గో నిలకడగా ఉన్నాడు, రోజూ పనిచేశాడు, ఉత్తరాలు స్పష్టంగా రాశాడు. అక్కడ చేరాక మొదటిసారి జబ్బు తిరగబెట్టింది జూలై మధ్యలో, ‘స్టారీ నైట్’ పూర్తయిన తర్వాత. అన్నిటికన్నా ముఖ్యం, సైప్రస్ చెట్లతోనో, పండిన గోధుమ చేను మీదనో ఒక చుక్కల రాత్రి గీయాలని ఆయన థియోకి రాసింది 1888 ఏప్రిల్‌లో. చెవి కోసుకోవడానికి ఎనిమిది నెలల ముందు. ఏడాదికి పైగా మనసులో మోసిన బొమ్మను జబ్బు గీసిందనడం ఆ మనిషి పనికి అన్యాయం.

ఆయనకు మాత్రం ఆ బొమ్మ నచ్చలేదు. 1889 నవంబర్‌లో స్నేహితుడు ఎమిల్ బెర్నార్‌కి రాస్తూ, మళ్లీ చుక్కల్ని మరీ పెద్దవిగా గీసేశాను, మళ్లీ విఫలమయ్యాను, ఇక చాలు, అన్నాడు. చాలించలేదు. ఆసుపత్రి వదిలే ముందు, 1890 మేలో, సైప్రస్ చెట్టుకు ఒకపక్క నెలవంక, ఇంకోపక్క చుక్క పెట్టి ఒక దారి బొమ్మ గీశాడు. ఆ జూన్‌లో పారిస్ దగ్గరి ఓవెర్ ఊళ్లో ‘రాత్రివేళ తెల్ల ఇల్లు’ గీశాడు. ఓల్సన్ బృందం లెక్క ప్రకారం అది జూన్ 16 సాయంత్రపు ఆకాశం, ఇంటి పైనున్నది శుక్రుడు. ఏడాది కిందట ఊచల్లోంచి తూర్పున కనిపించినవాడే, ఈసారి పొద్దుగుంకాక పడమట. చుట్టూ అంతే పెద్ద వలయం.